మూడు కిలోల వెస్టు

మా అమ్మాయి కాలి ఎముక చిట్లడానికి కారణం నేనే. ఈ ఒక్క ముక్క ఇంట్లో చెప్పడానికి నాకు ఏడాది పైన పట్టింది. నేను హార్బర్‌లో ముప్ఫై ఏళ్ళు లాస్కర్‌గా పనిచేశాను. పడవల మీద తాళ్ళు లాగడం, లంగరు దించడం, డెక్కు కడగడం మా పని. ఇంజను చప్పుడులో అరిచి అరిచి నా గొంతు అలాగే ఉండిపోయింది. కూరలో ఉప్పు తక్కువైందని నేనంటే పక్కింటివాళ్ళు వాళ్ళ కూర రుచి చూసుకుంటారని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. అంత గొంతున్నవాడికి ఆ ఒక్క ముక్క పెగల్లేదు.

మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక ఆమె మనసు పెట్టుకున్న ఉద్యోగం ఒక్కటే, అడవి గార్డు. ఎందుకే అని అడిగితే, కుర్చీలో కూర్చుంటే నాకు నిద్రొస్తుంది నాన్నా అనేది. రాత పరీక్ష ఆమెకు పెద్ద లెక్క కాదు. చిక్కంతా నడక పరీక్షతోనే. చెప్పిన దూరం చెప్పిన సమయంలో నడిచి తీరాలి. మొదటిసారి మూడు నిమిషాల తేడాలో పోయింది. మళ్ళీ ఖాళీలు పడేసరికి వయసు గడువు దగ్గరకొచ్చేసింది. ఈసారి తప్పితే ఆ ఉద్యోగానికి ఇక దరఖాస్తు పెట్టే వీల్లేదు. పరీక్షకు నాలుగు నెలలుందనగా మా ఇంట్లో వేరే మాట లేకుండా పోయింది.

గ్రౌండులో పిల్లలకు నేర్పే సర్ ఒకాయన ఉన్నారు. సైన్యంలో చేసి ఇక్కడే స్థిరపడిన మనిషి. బరువు వెస్టు సంగతి మొదట చెప్పింది ఆయనే. చేతుల్లేని కోటులా ఉంటుందట, దానికి ముందూ వెనకా చిన్న చిన్న జేబులు, వాటిలో బరువులు. అది తొడుక్కుని నడిస్తే, విప్పిన రోజున కాళ్ళు తేలిగ్గా పడతాయట. నాకు నవ్వొచ్చింది. జీవితమంతా బరువులు మోసినందుకు మాకు జీతమిచ్చారు, ఇప్పుడు బరువు మోయడానికి మనమే డబ్బిచ్చి కొనుక్కోవాలా అన్నాను. అమ్మాయి నా మోచేయి గిల్లింది.

సర్ మాత్రం నవ్వలేదు. ఓపిగ్గా అన్నీ చెప్పారు. వెస్టు ఒంటికి అతుక్కుని ఉండాలి, నడుస్తుంటే ఎగిరెగిరి పడకూడదు, అలాగని నిండుగా ఊపిరి తీసుకోలేనంత బిగుతూ కూడదు. మగవాళ్ళ కొలతది తెస్తే మెడ దగ్గర ఒరుసుకుపోతుంది. బరువులు విడివిడిగా, తీసి పెట్టుకునేలా ఉండాలి. ముందెంతో వెనకా అంతే. అమ్మాయి యాభై ఆరు కిలోలుంది కాబట్టి మూడు కిలోలు చాలు, పెంచాలంటే తనను అడగాలి. అది వేసుకుని నడవాలే గానీ పరుగెత్తకూడదు, అదీ వారానికి మూడు రోజులే. పిక్కలు లాగితే ఫరవాలేదు, ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి పుట్టిందా, ఆ రోజే విప్పేయాలి. చివర్న ఎందుకో నా వైపు తిరిగారు.

"అంకుల్, హడ్డీ కో టైమ్ చాహియే," అన్నారు.

కండ తొందరగా గట్టిపడుతుంది, ఎముకకే వ్యవధి కావాలని ఆయన చెప్పడం. నేను తలూపాను. బుద్ధిగా విన్నాను కూడా.

ఆన్‌లైన్లో ఏది చూసినా మా పిన్‌కోడ్ కొట్టగానే అక్కడికి పంపం అని వచ్చేది. ద్వీపాల్లో పుట్టినవాళ్ళకు అదేం కొత్త కాదు. ఎవరో ఒకరు సముద్రం అవతలి నుంచి వస్తూనే ఉంటారు, వాళ్ళ సంచుల్లో మన సరుకు కూడా వస్తుంది. అలాగే విశాఖపట్నం నుంచి వస్తున్న మా తోడల్లుడికి పని అప్పజెప్పాం. అమ్మాయి టేపుతో ఛాతీ, నడుము కొలుచుకుని ఫోన్లో పంపింది. మనిషి మంచివాడు, సరిగ్గా ఆ కొలతకే తెచ్చాడు. కాకపోతే జేబులన్నీ ఖాళీ. విమానంలో పదిహేను కిలోలే ఇస్తారని ఇనప బరువులు ఇంట్లోనే తీసి పడేసి, ఆ చోటులో రెండు సీసాల ఆవకాయ సర్దుకొచ్చాడు. బరువు ఎక్కడైనా దొరుకుతుంది అన్నయ్యా, ఈ ఆవకాయ దొరుకుతుందా అన్నాడు. మా ఆవిడ అతన్నే సమర్థించింది.

జేబుల్లో నింపడానికి ఒడ్డున ఇసుక ఎత్తితే కేసు పెడతారు. అందుకని అటక మీద ఉన్న మా నాన్న వల దించాను. నాన్న శ్రీకాకుళం తీరం నుంచి కుర్రవాడిగా ఇక్కడికి వచ్చి, డిగ్నాబాద్‌లో కాపురం పెట్టి, ఆఖరిదాకా వేటకే వెళ్ళాడు. వల పోగులు ఎప్పుడో పొడైపోయాయి. అడుగు తాడుకు గుచ్చిన సీసపు గుండ్లు మాత్రం చెక్కుచెదరలేదు. సీసం ఒంటికి తగలకూడదంటారు కదా, వాటిని టార్పాలిన్ ముక్కల్లో చుట్టి మా ఆవిడ గట్టిగా కుట్టింది. చేపల దుకాణంలో కాటా వేయించాం. సరిగ్గా మూడు కిలోలు. మిగిలిన గుండ్లు నేనొక డబ్బాలో పోసి దాచాను. అప్పటికి నా మనసులో ఏ దురాలోచనా లేదు.

మొదటి నెల బాగా సాగింది. పొద్దున్నే ఐదింటికి తెల్లగా తెల్లవారిపోతుంది మాకు. వెస్టు బిగించుకుని గరాచర్మలో మా వీధి ఎక్కుడంతా ఎక్కి, అవతల దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేది. నేను సైకిల్ తోసుకుంటూ వెనకే. ఆదివారాలు గ్రౌండులో సర్ వెస్టు లేకుండా నడిపించి సమయం చూసేవారు. రెండు నిమిషాలు తగ్గింది. ఆ వారం మా ఆవిడ చేత నేను పాయసం చేయించాను. తర్వాత వానలు పట్టుకున్నాయి, రోజులు జారిపోయాయి, సమయం మాత్రం అక్కడే నిలబడిపోయింది.

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు, పడవ దగ్గర్నుంచి వల ఆరబెట్టే చోటికి తడి వల మోసుకెళ్ళే పని నాది. మొదట్లో చిన్న వల ముక్క నా భుజానికి ఎత్తేవాడు నాన్న. ఆ తర్వాత రోజూ నాకు తెలియకుండా ఒక గుప్పెడు సీసం ఎక్కువ చుట్టి భుజాన పెట్టేవాడు. మావాళ్ళు పిల్లలకు మోత నేర్పే పద్ధతి అదే. మోసేవాడికి బరువు చెప్పకూడదు, చెబితే ఒళ్ళు ముందే భయపడుతుందని వాళ్ళ నమ్మకం. సీజను ఆఖర్న నాన్న ఆ మూట విప్పి ఒడ్డు మీద అందరికీ చూపించాడు. వీడు మోసింది ఇదిరా అన్నాడు. పెద్దవాళ్ళందరూ నా భుజం తట్టి చూశారు. నా అరవయ్యేళ్ళ బతుకులో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

అలాంటి రోజు మా అమ్మాయికీ ఇవ్వాలనుకున్నాను. పరీక్ష నెగ్గి వచ్చిన సాయంత్రం ఆ వెస్టు కాటా మీద పడేసి, చూడవే నువ్వు మోసింది అని చూపిస్తే దాని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బాలోంచి నాలుగు గుండ్లు తీసి, వెస్టులోని ఒక టార్పాలిన్ మూట విప్పి అందులో వేసి మళ్ళీ కుట్టేసేవాణ్ణి. హార్బర్‌లో కాన్వాసు కుట్టిన చేయి, కుట్టు తేడా తెలిసేది కాదు. ముందు జేబులైతే చేతికి తగులుతాయని ఎక్కువగా వెనకే వేశాను. రెండు మూడు రోజులకు నాలుగేసి గుండ్లు. మూడు రోజుల నడకను ఐదు రోజులు కూడా చేయించాను. సర్‌ని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

ఆమె ఒంటికి తెలుస్తూనే ఉంది, కారణమే తెలియలేదు. ముందుకు వంగి నడుస్తున్నావేమని సర్ ఒకసారి అడిగితే, పాపం తన తప్పే అనుకుని నిటారుగా నడవడానికి తంటాలు పడింది. వెస్టు అదే మూడు కిలోలేనా అని కూడా అడిగారాయన. అవును సర్ అంది. ఆదివారం సమయం తగ్గకపోగా పెరిగింది. ఒంటికి విశ్రాంతి లేక అలా అవుతోందని ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. అప్పుడు మాత్రం ఇంకాస్త బరువు పడితే దారికొస్తుందనుకున్నాను. ఒక రోజు ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడి బూట్లు విప్పుతూ అంది.

"ఏటో నాన్నా, కాళ్ళు భారీ అయిపోతన్నాయి. మూడు కిలోలకే ఇలగైపోతే నేనేటి గార్డునవుతాను?"

అప్పుడైనా చెప్పాల్సింది. ఒళ్ళు బద్ధకం అన్నాను. మీ తాత ఉంటే ఈపాటికి కొట్టడానికి తాడు పుచ్చుకునేవాడన్నాను. ఎడమ కాలు ముందు ఎముక మీద ఒకచోట వేలు పెట్టి ఇక్కడ నొప్పిగా ఉంది అంటే, కొబ్బరినూనె కాచి ఇచ్చి రాసుకోమన్నాను. వేలు పెట్టినచోట నొప్పి పుడితే విప్పేయాలన్న సర్ మాట నా చెవిలో ఉంది. పరీక్ష పదహారు రోజుల్లో ఉంది. ఇంకొక్క వారం అనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసే చోటు ఇదే.

ఆ వారం గడవలేదు. పూర్తి దూరం ఒకసారి వెస్టుతోనే నడిచి చూస్తానని ఆమే అంది, నేను సరేనన్నాను. చివరి ఎక్కుడు దగ్గర ఆమె కాలు ఈడ్చడం చూశాను. ఆపలేదు. ఇల్లు కనిపించే మలుపులో రోడ్డు మీదే కూర్చుండిపోయి, రెండు చేతులతో కాలు పట్టుకుని, నాన్నా పట్టుకో అంది. సైకిల్ వదిలేసి పరుగెత్తాను. భుజాల మీంచి ఆ వెస్టు విప్పి ఎత్తినప్పుడు దాని బరువు నా చేతికి తెలిసింది. నేను తడి వల మోసింది పాతిక గజాలు, ఇసుక మీద. ఆమె చేత అది కిలోమీటర్ల కొద్దీ తారు రోడ్డు మీద మోయించాను. ఆ తేడా నాకు అప్పుడు తట్టింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. వెంట్రుకంత చీలిక. డాక్టరు చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. వెస్టు కట్టుకుని నడిచేదని విని, ఎంత బరువని అడిగాడు.

"తీన్ కిలో, సర్," అంది మా అమ్మాయి.

నేను ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. డాక్టరు పెన్ను ఆపి మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. మూడు కిలోలకు ఈ వయసులో ఇలా కాకూడదే అన్నాడతను. ఎముకల్లో బలం తక్కువై ఉండొచ్చని కాల్షియం రాశాడు, ఆరు వారాలు కాలు మీద బరువు వేయొద్దన్నాడు. పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె తల దించుకుని సరే సర్ అంది. నేను మందుల చీటీ అందుకున్నాను.

అంతకంటే నీచమైన పని ఇంటికొచ్చాక చేశాను. మా ఆవిడ అమ్మాయికి అన్నం కలిపి పెడుతుంటే, పెరట్లో కూర్చుని కుట్లు విప్పి నేను వేసిన గుండ్లన్నీ తీసేశాను. ఎనిమిది కిలోల చిల్లర ఉన్న వెస్టు మళ్ళీ మూడు కిలోలైంది. ఇక ఎవరు తూచినా ఫరవాలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చి, భోజనానికి కూర్చున్నాను.

పరీక్ష రోజున ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. వయసు గడువు దాటిపోయింది. కాలు నయమైంది గానీ పిల్ల మునుపటి పిల్ల కాదు. మిడిల్ పాయింట్‌లో ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరింది, కుర్చీలో కూర్చుని చేసే పనికి. నీళ్ళ బకెట్ ఎత్తబోయి ఆగిపోయేది. ఎవరైనా అడిగితే నా ఎముకలు వీక్ అని నవ్వుతూ చెప్పేది. మా ఆవిడ రాగి జావ కాచేది, చేప తలల పులుసు పెట్టేది. మీ వంశంలో ఎవరికైనా ఉందా ఈ ఎముకల జబ్బు అని నన్ను అడిగేది. తెలీదనేవాణ్ణి.

ఆరు నెలల తర్వాత ఇంకో యూనిఫాం ఉద్యోగానికి ఖాళీలు పడ్డాయి. దానికి వయసు గడువు రెండేళ్ళు ఎక్కువ. మా ఆవిడ ఎవరినో పట్టుకుని ఫారం తెచ్చింది. అమ్మాయి దాన్ని ఒకసారి చదివి, చక్కగా మడిచి తల్లికి ఇచ్చేసింది. నా ఎముకలతోనా అమ్మా అంది. నేను అరుగు మీద చేపలు శుభ్రం చేస్తున్నాను. తల ఎత్తితే మొహం కనిపిస్తుందని ఎత్తలేదు. రోజూ ఏదో ఒక వంక, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆఖరు తేదీ దాటించాను.

చివరికి ఒక ఆదివారం షాపులో ఆమెతో పనిచేసే దీదీ ఒకావిడ మా ఇంటికి వచ్చింది. యాభై దాటిన బెంగాలీ ఆవిడ. బరువు పెట్టుకుని నడిస్తే ఎముకలు గట్టిపడతాయని విని వెస్టు అడగడానికి వచ్చింది. అమ్మాయి దాన్ని దించి, దులిపి, ఆవిడకు తొడిగి పట్టీలు సరిచేసింది. ముందు డాక్టర్‌ని అడగండి దీదీ, నడుం నొప్పి ఉంటే వేసుకోవద్దు, కిలోతో మొదలుపెట్టండి, ఇంట్లోనే పది నిమిషాలు నడిచి చూడండి అని సర్ చెప్పినట్టే ఒక్కొక్కటీ చెప్పింది. ఆవిడ భయపడుతూ, మూడు కిలోలకే నీ కాలు విరిగింది కదా, నాలాంటిదాని గతేమిటి అంది. అమ్మాయి ఆవిడ భుజం మీద చేయి వేసి, మీకేం కాదు దీదీ, నావి పుట్టుకతోనే చేతకాని ఎముకలు అంది.

ఆవిడ గేటు దాటేదాకా ఆగాను. అంతకుమించి ఆగలేకపోయాను.

"నీ ఎముకలకి ఏటీ లేదమ్మా," అన్నాను. "ఆ రోజు వెస్టులో ఉన్నది మూడు కిలోలు కాదు. ఎనిమిది పైనే. నేనే ఏసేను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఎప్పటినుంచి, ఎలా అని మెల్లగా అడిగింది. మా నాన్న సంగతి, సీసపు గుండ్ల సంగతి, పెరట్లో తీసేసిన సంగతి అన్నీ చెప్పాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అమ్మాయి నేల మీద కూర్చుని చాలాసేపు ఏదో లెక్కపెట్టుకుంది.

"ఎనిమిది కిలోలతోనా?" అంది. "చివరి ఎక్కుడు దాకా వచ్చేసేను కదా నాన్నా. అయితే నేను బాగానే నడిచేను."

ఆ మాట అంటూ ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. ఆ తర్వాత ఏడ్చింది. కాలు విరిగినప్పుడు, పరీక్ష పోయినప్పుడు కూడా నా ఎదుట ఏడవని పిల్ల, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చింది.  మా ఆవిడ నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను.

మర్నాటి నుంచి అన్నీ మామూలే. అమ్మాయి నాకు టీ ఇస్తుంది, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది, బకెట్లు తనే ఎత్తుతుంది. క్షమించిందనుకున్నాను. వారం తర్వాత పొద్దున్నే షాపుకు బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. నా మొహంలోకి చూడలేదు, కోపంగా కూడా అనలేదు.

"నా బాధ నువ్వు బరువు ఏసినందుకు కాదు నాన్నా. నా మంచికే ఏసేవు. డాక్టర్‌కి నేను తీన్ కిలో అని చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. అమ్మ ఫారం తెచ్చిన రోజూ పక్కనే ఉన్నావు."

ఉన్నానమ్మా అన్నాను. ఇంకేమైనా చెబుతానేమోనని ఆమె కాసేపు నిలబడింది.  బస్సు వచ్చే వేళైందని వెళ్ళిపోయింది.